ఎండుటాకు ఎవరి పాలు?

నల్లమలలో రాలిన ఆకుకు రెండే దారులు. ఫాల్గుణం దాటి ఎండలు ముదిరాక నిప్పు అంటుకుంటే ఒక్క పూటలో బూడిదైపోతుంది. నిప్పుకు చిక్కకుండా మృగశిర కార్తె దాకా నేలమీద నిలవగలిగితే, తొలకరి తడిసిన ఆ ఆకును బూజు అందుకుంటుంది, చెద అందుకుంటుంది, నెలల తరబడి నమిలి మట్టి చేస్తుంది. నిప్పు తిన్న ఆకులోని నత్రజని చాలావరకు పొగతో గాలిలో కలుస్తుంది. మిగిలిన బూడిదను మొదటి జడివాన వాలు వెంట వంకలోకి కడిగేస్తుంది. బూజు తిన్న ఆకు సారం మాత్రం చెట్టు వేళ్లకు అందే దూరంలోనే ఉండిపోతుంది. వానాకాలంలో అహోబిలం దారిలోనో, మహానంది కొండ కిందనో మనకు కనిపించే పుట్టగొడుగులు ఆ రెండో దారికి ఆనవాళ్లు.

నంద్యాలలో మిద్దె ఎక్కి తూర్పుకు చూస్తే ఆకాశం అంచున నల్లటి గీత గీసినట్టు కనిపించేదే నల్లమల. ఆ గీతకు ఈవల కుందూ నది, కేసీ కాలువ, వరి మళ్లు, శనగ చేలు. ఆళ్లగడ్డ దగ్గర కొండలు ఇంకా దగ్గరికొస్తాయి. శిల్పుల ఉలి చప్పుడు దాటి పాతిక కిలోమీటర్లు పోతే అహోబిలం, అక్కడినుంచి పైకి అంతా అడవే. ఈ కొండల్లో దాదాపు 1,194 చదరపు కిలోమీటర్ల మేర గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. దాన్ని ప్రకటించింది 1990లో. పులి తిరిగే ఈ అడవిలో పులి అడుగుజాడల కోసం వెతికేవాళ్లు చాలామంది. అడుగు కింద ఏముందో చూసేవాళ్లు తక్కువ.

ఉష్ణమండలపు అడవి, పుట్టగొడుగులు అనగానే ఏడాదంతా తడి ఆరని కేరళ కొండలో, చీకట్లో మెరిసే బూజులున్న గోవా అడవులో గుర్తొస్తాయి. నల్లమల అలాంటిది కాదు. ఇది ఆకు రాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తిరుమాను, బిల్లు, వేగిస, తునికి, సందుల్లో వెదురు, అన్నీ మాఘం దాటేసరికి బోడిగా నిలబడతాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా వాన. మిగతా కాలమంతా ఎండా, గాలీ. తడి అడవిలో పన్నెండు నెలలు తీరిగ్గా చేసే పనిని ఇక్కడి శిలీంధ్రాలు నాలుగైదు నెలల్లో ముగించుకోవాలి. అందుకే ఇక్కడ వాటి విద్యంతా రెండు విషయాల్లో ఉంటుంది: ఓపికగా కాచుకోవడం, తడి తగలగానే త్వరపడటం.

కనిపించేది కాయ, కనిపించనిది కాపురం

మనం పుట్టగొడుగు అనుకునేది శిలీంధ్రం మొత్తం కాదు, దాని కాయ మాత్రమే. అసలు శరీరం మట్టిలోనో, దుంగలోనో, ఆకుల కిందనో దాగిన సన్నని తెల్లటి పోగులు. మద్దిచెట్టు కింద కుళ్లిన ఆకుల పొరను వేలితో కొంచెం పక్కకు జరిపితే, ఆకుకూ ఆకుకూ మధ్య అల్లుకుపోయిన ఆ పోగులు కంటికే కనిపిస్తాయి. ఒక ఆకును ఎత్తితే దానికి అతుక్కుని మరో రెండు లేస్తాయి. వాటిని కలిపి పట్టుకున్నది ఆ పోగులే. వాలు మీది ఆకుల పరుపు వానకు కొట్టుకుపోకుండా ఆపడంలోనూ వాటికి వంతుంది.

శిలీంధ్రాలను మొక్కల జాబితాలో చాలాకాలం ఉంచారు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ 1969లో జీవులను అయిదు రాజ్యాలుగా విభజించినప్పుడు శిలీంధ్రాలకు విడిగా ఒక రాజ్యం దక్కింది. వీటిలో పచ్చదనం లేదు, ఎండతో అన్నం వండుకోవడం రాదు. వీటి కణాల గోడల్లో ఉండేది కైటిన్, అంటే పురుగుల పెంకులోనూ ఎండ్రకాయ డొప్పలోనూ ఉండే పదార్థమే. వంశవృక్షం గీస్తే ఇవి మొక్కలకన్నా జంతువులకే దగ్గర బంధువులు. అయితే మనం తిని అరిగించుకుంటాం, ఇవి అరిగించుకుని తింటాయి. పోగు కొసనుంచి ఎంజైములను బయటికి వదిలి, ఆకునో కట్టెనో బయటే కరిగించి, ఆ రసాన్ని లోపలికి పీల్చుకుంటాయి.

కట్టెకు గట్టితనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని పూర్తిగా విడగొట్టగల జీవులు భూమ్మీద అరుదు. ఆ పని బాగా తెలిసినవి తెల్లకుళ్లు శిలీంధ్రాలు. అవి పట్టిన దుంగ గోధుమ రంగు కోల్పోయి తెల్లబడి, పీచుపీచుగా మెత్తబడుతుంది. ఈ విద్య వీటికి దాదాపు 29 కోట్ల ఏళ్ల కిందట పట్టుబడిందని, శిలీంధ్రాల జన్యుపటాలను పోల్చి చూసిన ఒక అంతర్జాతీయ బృందం 2012లో అంచనా వేసింది. ఆ విద్య లేకుంటే కూలిన ప్రతి చెట్టూ కూలినచోటే పడి ఉండేది.

ప్రపంచంలో శిలీంధ్ర జాతులు 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017 నాటి ఒక లెక్క. ఇప్పటిదాకా పేరు పెట్టినవి రెండు లక్షలైనా నిండలేదు. అంటే నల్లమలలో ఒక వానపొద్దు మన కాలికింద పడేవాటిలో పేరు లేనివీ ఉండొచ్చు.

పుట్ట అడుగున సేద్యం

నాగులచవితికి మనం పాలుపోసి దండం పెట్టే పుట్టలు ఈ అడవిలో అడుగడుగునా ఉంటాయి. పాము వాటికి అద్దెకొచ్చినది మాత్రమే. కట్టినవి చెదపురుగులు. వాటి అడుగున జరిగేది సేద్యం, అదీ మనిషి నాగలి పట్టడానికి కోట్ల ఏళ్ల ముందునుంచీ.

చెదపురుగులకు ఎండుటాకు, పుల్ల, గడ్డి కావలసినంత దొరుకుతుంది, కానీ వాటిలోని పీచును పూర్తిగా అరిగించుకునే శక్తి ఈ పుట్టలు కట్టే రకాలకు లేదు. అందుకని ఆకును నమిలి, మింగి, సగం అరిగిన ఆ ముద్దను పుట్ట లోపలి గదుల్లో పేరుస్తాయి. అది మడతలు మడతలుగా, వాడేసిన స్పాంజిలా తయారవుతుంది. ఆ ముద్దమీద ఒకే ఒక రకం బూజును పెంచుతాయి. కొద్దిరోజుల్లో దానిమీద ఆవగింజకు కాస్త అటూఇటూ ఉండే తెల్లటి గుళికలు పుట్టుకొస్తాయి. పని చేసే చెదల్లో చిన్నవి ఆ గుళికలను తింటాయి. బూజు బాగా మాగ్గొట్టిన పాత ముద్దను పెద్దవి తింటాయి. తిన్నచోట మళ్లీ కొత్త ముద్ద. పుట్ట లోపలి గాలిదారులు వేడినీ తడినీ అదుపులో పెడతాయి. బయట మే నెల ఎండ మండుతున్నా లోపలి తోట చెక్కుచెదరదు.

ఈ బూజు ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని 1942లో పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్. మన దక్షిణాదిన దొరికే ఒక జాతికి ఆయన గౌరవార్థం టెర్మిటోమైసిస్ హైమీ అని 1979లో నామకరణం చేసినవారు మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్. చెదకూ బూజుకూ ఈ పొత్తు కుదిరింది ఆఫ్రికాలో, దాదాపు మూడు కోట్ల ఏళ్ల కిందట. మనిషి సేద్యం వయసు పదివేల ఏళ్ల పైచిలుకు. జాంబియాలో ఈ కుటుంబానికే చెందిన ఒక పుట్టగొడుగు టోపీ మీటరు వెడల్పు దాకా విచ్చుకుంటుంది.

ఇక వానాకాలంలో జరిగేది చూడండి. తొలకరికి ఈసుళ్లు లేస్తాయి. దీపాల చుట్టూ మూగి రెక్కలు రాల్చేవి ఇవే, కొత్త పుట్టకు తల్లీతండ్రీ కాబోయే చెదలు. ఒక జంట నేలలో దూరి గది చేసుకుని గుడ్లు పెడుతుంది. వాటి తొలి సంతానం పెరిగి మేతకోసం బయటికి రావడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తోటకు నేల సిద్ధం, పనివాళ్లు సిద్ధం, లేనిది విత్తనమే. ఎక్కువ రకాల చెదల్లో ఈసుళ్లు పుట్టింటినుంచి బూజు తెచ్చుకోవు.

సరిగ్గా ఈ అదనులోనే పాత పుట్టల అడుగున బూజు తోటలు కాపుకొస్తాయి. ముద్దనుంచి ఒక కాడ పైకి బయల్దేరుతుంది. మూరెడు లోతునుంచైనా సరే, గట్టి మట్టిని చీల్చుకురావాలి. అందుకే దాని టోపీ నడినెత్తిన ముదురు రంగులో మొనదేలిన గట్టి బొడిపె ఉంటుంది. నేల ముందు సన్నగా నెర్రె విచ్చుతుంది, తర్వాత ఒక పెళ్ల లేస్తుంది, ఆ సందులోంచి బూడిదరంగు మొన తొంగిచూస్తుంది. పొద్దెక్కేసరికి తెల్లటి గొడుగు విచ్చుకుని ఉంటుంది. దాని కింది సన్నని మడతలనుంచి బీజాలు కోట్లలో రాలి చుట్టుపక్కల ఎండుటాకుల మీద పడతాయి. కొత్త పుట్టల పనివాళ్లు మేతకు వచ్చి ఆ ఆకులనే కొరుకుతారు. ఆకుతోపాటు విత్తనమూ కడుపులో పడి కొత్త గదికి చేరుతుంది, అక్కడ కొత్త తోట మొదలవుతుంది. ఈసుళ్ల ఎగురుడుకూ గొడుగు విప్పుకోవడానికీ మధ్య ఉండే ఆ ఎడం అడవి క్యాలెండరులో అంత పక్కాగా రాసి ఉంది.

ఇదే కుటుంబంలో మరో చిన్నది ఉంది. టోపీ వేలిగోరంత. కానీ వస్తే వందల్లో వస్తుంది. చెదలు తమ తోటనుంచి తీసి నేలమీద పడేసిన ముద్ద ముక్కలమీద మొలిచి, తెల్లవారేసరికి నేలంతా తెల్లగా పరుచుకుంటుంది.

పుట్ట పాడుబడినా శిలీంధ్రం కథ ముగియదు. చెదలు బతికున్నంతకాలం తమ తోటలో కలుపు రానివ్వవు. అవి చచ్చిపోయాక, లేదా వదిలేసి వెళ్లాక, అదనుకోసం మూలన నక్కి ఉన్న జైలేరియా అనే మరో బూజు తోటను ఆక్రమిస్తుంది. పుట్టలోంచి వేలంత పొడవున నల్లటి పుల్లలు నిలువుగా లేస్తాయి. అవి కనిపించాయంటే ఆ పుట్ట కింద సేద్యం ఆగిపోయిందని అర్థం.

దుంగ మీద దశాబ్దాల నిద్ర

కూలిన దుంగలమీద ఉండేవాటికి ఇంకో రకం ఓపిక. అడవి అంచున, ఊరి కట్టెల మోపుమీద, ఆఖరికి కంచెకు పాతిన గుంజమీదా కనిపించే ఒక చిన్న తెల్లటి శిలీంధ్రం ఉంది. పేరు షైజోఫిల్లమ్ కమ్యూన్. కాడ ఉండదు, బెరడుకు పక్కనుంచి అతుక్కుని ఉంటుంది. పైన తెల్లటి నూగు. భూతద్దంతో అడుగువైపు చూస్తే దీని గొప్ప తెలుస్తుంది: ప్రతి మడతా నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండ తగిలితే ఆ చీలికలు లోపలికి ముడుచుకుని, బీజాలు పుట్టే పొరను దాచేస్తాయి. రెండు చినుకులు పడితే మళ్లీ విచ్చుకుంటాయి. బొట్టు నీళ్లు వేసి కాసేపు ఆగితే మీ కళ్లముందే జరుగుతుంది.

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో రెజినాల్డ్ బుల్లర్ అనే శాస్త్రవేత్త కెనడాలో వీటిని ఎండబెట్టి, గాలి తీసేసిన గాజు గొట్టాల్లో మూసి దాచాడు. అర శతాబ్దం గడిచాక తెరిచి తడిపితే అవి విచ్చుకుని బీజాలు రాల్చాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఇది బతకగలగడానికి ఈ ఓర్పు ఒక కారణం. రెండో కారణం దాని పెళ్లిళ్లు. మనకు ఆడ, మగ అని రెండే. దీనిలో జతకట్టే రకాలు 23,000 పైచిలుకు ఉన్నాయని లెక్కగట్టారు. గాలికి కొట్టుకొచ్చిన ఏ బీజానికైనా తోడు దొరకడం అంత సులువు. మణిపూర్‌లో దీన్ని ఇష్టంగా వండుకుంటారు.

దాని పక్కనే ఎండపట్టున పడి ఉన్న మొద్దుమీద నారింజకూ ఎరుపుకూ మధ్య రంగులో పలచటి బిళ్లలు కనిపిస్తే అది పిక్నోపోరస్. ఉష్ణమండలమంతా దాని ఇల్లే. నీడను వెతుక్కునే శిలీంధ్రాల మధ్య ఎండకు జంకని ఘటం ఇది. దాని ఒంట్లో తయారయ్యే లాకేజ్ అనే ఎంజైము లిగ్నిన్‌ను విడగొట్టడంలో గట్టిది. చెవి ఆకారంలో, గోధుమ రంగులో, తడిసినప్పుడు వణికే ఆరిక్యులేరియా కూడా ఇలాంటి కొమ్మలమీదే ఉంటుంది. వేసవిలో అది ఎండి నల్లటి పెళుసు పొరగా మిగులుతుంది, వాన పడితే తిరిగి ఉబ్బుతుంది.

భవనాశి వంక వెంట

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుహకు పోయే దారి భవనాశి వంక వెంబడి సాగుతుంది. చెంచుల ఆడపడుచు లక్ష్మిని స్వామి మనువాడాడని చెప్పుకునే కొండ ఇది. రెండువైపులా నిటారు బండలు, వంకలో నీళ్లు, నీడ. ఎండు అడవిలో తడి ఎక్కువకాలం నిలిచే ఇలాంటి చోట్లే శిలీంధ్రాలకు పుట్టిళ్లు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో భక్తుల నడకదారి వదలకుండా, దారి అంచులనే చూస్తూ నడిచినా చాలు, చూడటానికి కావలసినంత ఉంటుంది.

కుళ్లిన ఆకులమీద వెంట్రుకంత సన్నని నల్లటి కాడతో, చిన్న మడతల టోపీతో నిలబడేవి మరాస్మియస్ జాతులు. ఒక్కో ఆకు ఈనెమీద ఒక్కోటి మొలుస్తుంది. కొన్ని జాతులు ఆకునుంచి ఆకుకు గట్టి నల్లటి తీగలు సాగదీస్తాయి. ఉష్ణమండలపు అడవుల్లో చాలా పక్షులు ఆ తీగలను ఏరుకెళ్లి గూళ్లలో అల్లుకుంటాయి.

పుడకలమీద, పాత పేడమీద సెంటీమీటరు కూడా లేని చిన్న గిన్నెలు కనిపిస్తే వంగి చూడండి. గిన్నె అడుగున బూడిదరంగు బిళ్లలు అయిదో ఆరో ఉంటాయి. ఇది సయాథస్. ఆ బిళ్లల్లోనే బీజాలు. గిన్నె గోడల వాలు ఎలా ఉంటుందంటే, లోపల పడిన ఒక్క వానచుక్క చిందినప్పుడు బిళ్ల ఎగిరి మీటరు దూరం దాకా పోయి పడుతుంది. పోతూ పోతూ తన తోకకున్న జిగురు దారాన్ని ఏ గడ్డిపోచకో చుట్టుకుంటుంది. ఆ గడ్డిని దుప్పో ఆవో మేస్తే బీజాలు దాని కడుపులోంచి మరోచోటికి ప్రయాణం కడతాయి. వానచుక్క బరువునే ఇంధనంగా వాడుకునే ఈ కిటుకును కెనడా శాస్త్రవేత్త హెరాల్డ్ బ్రాడీ ఏళ్లతరబడి పరిశీలించి, 1975లో వీటి మీదే ఒక పుస్తకం రాశాడు.

నేలలో ఉండగా ఉండలా ఉండి, వాన తగిలాక పై తోలు రేకులుగా చీలి నక్షత్రంలా పరుచుకునే జియాస్ట్రమ్‌ది కూడా వానచుక్కతోనే పని. మధ్యలోని కాగితంలాంటి సంచిమీద చినుకు పడిన ప్రతిసారీ కొన నుంచి బీజాల పొడి పొగలా లేస్తుంది.

వెదురు ఉన్న తడి అడవుల్లో కనిపించే జాలి ముసుగు పుట్టగొడుగు, ఫాలస్ ఇండ్యూసియేటస్, ఈ లోకంలో పెద్ద నాటకాల రాయుడు. గుడ్డు ఆకారంలో నేలలో ఉండి, పగిలాక కొన్ని గంటల్లోనే జానెడు ఎత్తు లేచి, మెడచుట్టూ తెల్లటి వల దించుతుంది. చూడటానికి అందమే. దగ్గరికెళితే ముక్కు మూసుకోవాలి. నెత్తిన ఉన్న ఆకుపచ్చ జిగురు కంపుకు ఈగలు మూగుతాయి, వాటి కాళ్లకంటి బీజాలు ఊరేగుతాయి. చైనాలో దీన్ని శుభ్రం చేసి, ఎండబెట్టి సూపుల్లో వాడతారు.

బండలను కూడా వదలకండి. వాటిమీద బూడిద, పసుపు, లేతపచ్చ రంగుల్లో మచ్చలు మచ్చలుగా పాకి ఉన్నవి లైకెన్లు. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి చేసే కాపురం అది. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, నాచు ఎండతో వంట చేస్తుంది. ఈ రహస్యాన్ని 1860ల చివర స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ బయటపెడితే అప్పటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. చాలా రకాలు ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే. ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహాన్ని ఆరుబయట పెడితే కాలక్రమంలో దానిమీద తొలి కాపురం పెట్టేదీ ఇవే. అడవి పుట్టగొడుగు ముట్టనే ముట్టనివాళ్లు కూడా శిలీంధ్రం తిన్నవాళ్లే. మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే మరి.

పేడమీద ఫిరంగి

దుప్పి, కణితి వేసిన తాజా పెంటికలమీద చూడవలసిన వింత పైలోబోలస్. ఎత్తులో చాలా చిన్నది. గాజులా పారదర్శకంగా ఉండే కాడ, దాని కొసన నీటితో ఉబ్బిన బుడగ, బుడగ నెత్తిన నల్లటి టోపీ. దీని చిక్కు ఏమిటంటే, మేసే జంతువులు తాము పేడ వేసినచోట గడ్డి ముట్టవు. బీజాలు మళ్లీ కడుపులోకి చేరాలంటే అక్కడినుంచి దూరంగా పడాలి. అందుకని ఉదయపు వెలుతురు వైపు కాడను వంచి గురిచూస్తుంది. బుడగలో ఒత్తిడి పెరిగి పెరిగి పగిలి, టోపీ రెండు మీటర్ల ఎత్తుకు ఎగురుతుంది. అది బయల్దేరే క్షణంలో త్వరణం భూమ్యాకర్షణకు 20,000 రెట్లకు పైమాటే. పశువుల పాకలో దొరికే తాజా పేడను మూత పెట్టిన గాజు సీసాలో వెలుతురు పడేచోట కొద్దిరోజులు ఉంచితే ఇంట్లోనే ఈ వింత చూడొచ్చు.

అడవి దిగి నంద్యాల వైపు వస్తే పంట నేలల్లోనూ ఇదే వంశం. తడిసిన వరిగడ్డి వామి అంచున, మహానంది చుట్టూ ఉన్న అరటి తోటల్లో కుళ్లే బోదెల దగ్గర, పొద్దున్నే మొలిచి మధ్యాహ్నానికి తనను తానే కరిగించుకుని నల్లటి సిరాగా కారిపోయే కోప్రినాప్సిస్ కనిపిస్తుంది. అలా కరగడం చావు కాదు, అడుగునుంచి అంచెలంచెలుగా బీజాలను గాలికి వదిలే పద్ధతి. రైతుకు శిలీంధ్రం అంటే ముందు గుర్తొచ్చేది తెగులే. వరిలో అగ్గితెగులు, శనగలో ఎండు తెగులు రెండూ శిలీంధ్రాల పనే. 1906 నుంచి ఉన్న నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం వంటివి తెగుళ్లకు తట్టుకునే రకాలకోసం కృషి చేస్తూ వస్తున్నాయి. అదే రైతు ట్రైకోడెర్మా పొడిని పశువుల ఎరువులో కలిపి చల్లుతాడు. అది కూడా శిలీంధ్రమే, మిగతా చెడ్డ శిలీంధ్రాలను చుట్టుకుని తినేస్తుంది. అడవి నేలలో ఈ పోరు ఎవరూ చల్లకుండానే రోజూ జరుగుతూ ఉంటుంది.

ఉరుమూ, వానా, గొడుగూ

ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని పల్లెల్లో పెద్దలంటారు. ఇది మనవాళ్ల మాటే కాదు. పిడుగుకూ నేలలో పుట్టే శిలీంధ్రాలకూ సంబంధం ఏమిటని గ్రీకు రచయిత ప్లుటార్క్ దాదాపు 1,900 ఏళ్ల కిందటే చర్చించాడు. జపాన్‌లోని ఇవాతే విశ్వవిద్యాలయ పరిశోధకులు పుట్టగొడుగులు పెంచే దుంగలకు క్షణకాలం అధిక వోల్టేజీ విద్యుత్తు తగిలించి చూస్తే, కొన్ని రకాల్లో దిగుబడి రెట్టింపు దాకా పెరిగింది. మన అడవిలో ఉరుము వెంట వాన ఎలాగూ వస్తుంది కాబట్టి, ఘనత ఏ మేరకు ఎవరిదో విడదీయడం తేలిక కాదు.

దీనికి తిరగేసిన కథ ఒకటి 2015లో వచ్చింది. అమెరికాలోని మయామీ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ మనీ బృందం పుట్టగొడుగు బీజాలను తడి గాలిలో ఉంచి సూక్ష్మదర్శినితో చూసింది. మడతలనుంచి ఎగిరిన తర్వాత కూడా బీజం మీద నీటి బిందువు కట్టడం, పెరగడం కనిపించింది. ఏటా కోట్లాది టన్నుల బీజాలు గాలిలో చేరుతున్నప్పుడు, అడవుల మీద మబ్బుల్లో చినుకు కట్టడానికి ఇవీ తోడ్పడుతూ ఉండొచ్చని వాళ్ల ప్రతిపాదన. అదే నిజమైతే పుట్టగొడుగు వానకు బిడ్డా, తల్లీ కూడా.

చూసేవారికి నాలుగు మాటలు

పుట్టమీది గొడుగుల రుచి మాంసానికి దీటని చెప్పేవాళ్లు నల్లమల అంచు పల్లెల్లో ఎందరో ఉన్నారు. తరతరాలుగా ఏరుకున్నవాళ్లకు ఏ పుట్టమీద ఏది ఎప్పుడు లేస్తుందో తెలుసు. పట్నంనుంచి వచ్చిన మనకు ఫోన్‌లో బొమ్మ చూసి గుర్తుపట్టే తెలివి చాలదు. వానలకు పచ్చిక మీద లేచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ చూడటానికి తెల్లగా, నిండుగా, తినేదానిలాగే ఉంటుంది. ముదిరాక కానీ దాని కింది మడతలు పచ్చబారవు. తింటే వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతారు. ఎమానిటా జాతుల్లో కొన్ని ఇంకా ప్రమాదం. తిన్నాక ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, కొందరిలో అంతకు మించి, ఏమీ తెలియదు. తర్వాత వాంతులు పట్టుకుంటాయి, నడుమ తగ్గినట్టే ఉంటుంది, ఆపైన కాలేయం దెబ్బతింటుంది. ఆ విషం వండితే పోదు. వెండి నల్లబడకపోతే మంచిదనీ, పురుగు కొరికి ఉంటే తినొచ్చనీ చెప్పే పరీక్షలు ఏవీ నమ్మదగ్గవి కావు. కుక్కగొడుగో మంచి గొడుగో తేలనిది నోట పెట్టొద్దు. అనుమానం వస్తే తినగా మిగిలిన ముక్క కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక చిన్న భూతద్దం, అరచేతిలో పట్టే ఒక అద్దం చాలు. అద్దాన్ని టోపీ కింద పెడితే పీకకుండానే మడతలు, రంధ్రాలు కనిపిస్తాయి. ఇంటి పెరట్లో మొలిచినదైతే టోపీ కోసి తెల్ల కాగితంమీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి బీజాల రంగులో దాని అచ్చు కాగితంమీద పడి ఉంటుంది. తెలుపో, గులాబీయో, గోధుమో, పచ్చో అన్నది గుర్తుపట్టడంలో మొదటి మెట్టు. అడవిలో మాత్రం ఏదీ కోయకండి. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏది తీసినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. దారి వదిలి లోపలికి పోవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి.

ఊరి పొలిమేర పుట్టలమీద ఏరుకునే అలవాటున్నవాళ్లకు ఒక విన్నపం. అన్నీ కోసుకోకండి, విచ్చుకున్న ముదురు గొడుగులు కొన్ని వదిలేయండి. వాటి బీజాలే రేపటి పుట్టల తోటలకు విత్తనం. గొడుగుకోసం పుట్టను తవ్వొద్దు.

అంతకన్నా పెద్ద విన్నపం ఎండాకాలానిది. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు మీదుగా పెచ్చెరువు దారిలో శ్రీశైలానికి వేల మంది నడిచిపోతారు. అహోబిలానికీ మహానందికీ ఏడాదంతా రాకపోకలే. శివరాత్రి, ఉగాది నాటికి నేలనిండా ఎండుటాకు ఉంటుంది. వంట ముగించుకుని లేచినప్పుడు పొయ్యిమీద నీళ్లు పోసి, మట్టి కప్పి, చేత్తో తడిమి చల్లబడిందని రూఢి చేసుకుని కదలండి. బీడీ ముక్కను నలిపి ఆర్పి జేబులో వేసుకోండి. ఆ ఆకు మృగశిర దాకా నిలవడానికి మీరు చేయవలసింది అంతే. మిగతా పని వాన చూసుకుంటుంది, బూజు చూసుకుంటుంది.